జీతం ఆపితే నోటీసు గడువు కూడా ఆగాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏదైనా విమాన సంస్థ నష్టాల్లో పడి, అందులో పైలట్లు జీతాల కోసం గట్టిగా అడిగిన ప్రతిసారీ ఒక మాట వింటున్నాం. లక్షల్లో జీతాలు తీసుకునేవాళ్ళు, కంపెనీ కష్టాల్లో ఉన్నప్పుడు కాస్త సర్దుకోలేరా అని. అలా అనేవాళ్ళ మీద నాకు కోపం లేదు. కాకపోతే అలాంటి సంస్థలో పైలట్ల యూనియన్‌కి నిజంగా ఎంత బలం ఉంటుందో ఒక్కసారి చూడమంటున్నాను.

జెట్ ఎయిర్‌వేస్ సంగతే తీసుకోండి. 2019లో నెలల తరబడి జీతాలు రాలేదు. పైలట్ల సంఘం నేషనల్ ఏవియేటర్స్ గిల్డ్ ఏప్రిల్ 1 నుంచి విమానాలు నడపం అంది, వాయిదా వేసుకుంది, 15 నుంచి అంది, మళ్ళీ వాయిదా వేసుకుంది. చేతకాక కాదు. సమ్మెకి దిగితే ఎగురుతున్న ఆ కొద్ది విమానాలూ ఆగిపోతాయి, అవి ఆగితే డబ్బు పెట్టడానికి ఎవడూ ముందుకు రాడు, అప్పుడు ఉద్యోగమూ పోతుంది, బకాయిలూ పోతాయి. చివరికి సమ్మె చేస్తామన్న సంఘమే 1,500 కోట్లు విడుదల చెయ్యమని స్టేట్ బ్యాంకునీ, 20 వేల ఉద్యోగాలు కాపాడమని ప్రధానినీ వేడుకోవాల్సి వచ్చింది. రెండు రోజులకే, ఏప్రిల్ 17న, సంస్థ ఆగిపోయింది. మళ్ళీ ప్రయాణికులతో ఎగరనే లేదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు లిక్విడేషన్‌కి, అంటే ఆస్తులు అమ్మి సంస్థని మూసెయ్యడానికి, ఆదేశించింది. ఐదేళ్ళు దాటినా బకాయిల కోసం తిరుగుతున్న ఉద్యోగులు ఉన్నారు.

లాభాల్లో ఉన్న కంపెనీని సమ్మెతో దారికి తేవచ్చు. చేతిలో డబ్బే లేని కంపెనీ దగ్గర అది పనిచెయ్యదు. అక్కడ పైలట్లకి మిగిలేది ఒకటే, వేరే చోటికి వెళ్ళిపోగలగడం. అమెరికాలో మీసా ఎయిర్‌లైన్స్ అనే ప్రాంతీయ సంస్థ నష్టాల్లో ఉండి కూడా 2022 ఆగస్టులో కో-పైలట్ మొదటి జీతం గంటకి 100 డాలర్లకి, కెప్టెన్‌ది 150 డాలర్లకి పెంచింది. సమ్మె ఏమీ జరగలేదు. పెద్ద కంపెనీలు పైలట్లని లాక్కుపోతుంటే విమానాలు నడిపేవాళ్ళు లేక పెంచక తప్పలేదు, అంతే.

మన దగ్గర ఈ బలాన్ని ప్రభుత్వమే కట్టేసింది. 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ తెచ్చిన నిబంధన ప్రకారం ఉద్యోగం మానాలంటే కెప్టెన్ ఏడాది, కో-పైలట్ ఆరు నెలలు ముందుగా నోటీసు ఇవ్వాలి. దీనికి కారణం లేకపోలేదు. ఉన్నట్టుండి పదుల మంది వెళ్ళిపోతే ఇబ్బంది పడేది ప్రయాణికులే. 2023లో ఆకాశ ఎయిర్ నుంచి 43 మంది పైలట్లు నోటీసు పూర్తి చెయ్యకుండా వెళ్ళిపోతే సర్వీసులు రద్దయ్యాయి, సంస్థ కోర్టుకెళ్ళింది. సరే, అది దాని హక్కు. కానీ పైలట్ మాట తప్పితే కంపెనీ వెంటనే కోర్టుకెళ్ళగలిగినప్పుడు, కంపెనీ మూడు నెలలు జీతం ఎగ్గొడితే పైలట్ మాత్రం నోటీసు కాలం అయ్యేదాకా ఉచితంగా ఎగరాలా? ఇంటి ఈఎంఐ కట్టలేని టెన్షన్‌తో, వెనకాల డెబ్బై మందిని కూర్చోబెట్టుకుని విమానం నడపడం ఎవరికి క్షేమం?

చిన్న సంస్థల్లో పరిస్థితి ఇంకా కష్టం. హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలైన ట్రూజెట్ మనకి గుర్తే. చిన్న ఊళ్ళకి తక్కువ ధరకి విమానాలు నడిపే ఉడాన్ పథకం ప్రారంభించిన రోజు, 2017 ఏప్రిల్ 27న, కడప నుంచి హైదరాబాద్‌కి ఎగిరింది ఆ విమానమే. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగిపోయింది. ఇలాంటి సంస్థల్లో నడిపేవి ఎక్కువగా ఏటీఆర్‌లు, అంటే ప్రొపెల్లర్లుండే చిన్న విమానాలు. ఏటీఆర్ నడిపే పైలట్ ఎయిర్‌బస్‌కి మారాలంటే మళ్ళీ టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడపడానికి విడిగా శిక్షణ, అనుమతి), మళ్ళీ లక్షల ఖర్చు. ఇల్లు తాకట్టు పెట్టి పిల్లల్ని పైలట్లుగా చదివించిన మధ్యతరగతి కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లో చాలా ఉన్నాయి. వాళ్ళని లక్షాధికారులనేవాళ్ళు ఆ అప్పు వాయిదా కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం ఎంపీ. ఆయన్ని నేను అడిగేది ఇదీ: జీతం వరుసగా రెండు నెలలు రాకపోతే పైలట్ నోటీసు కాలం దానంతటదే రద్దు కావాలి, ఎవరికీ అర్జీ పెట్టుకోనక్కర్లేకుండా. పైలట్లు కూడా పాత పారిశ్రామిక వివాదాల చట్టం కింద వర్క్‌మెన్ (కార్మికులు) కోవలోకే వస్తారని ఢిల్లీ హైకోర్టు చెప్పింది కాబట్టి, సంస్థ దివాలా తీస్తే వాళ్ళ బకాయిల్ని కూడా కార్మికుల బకాయిల వరసలోనే చెల్లించాలని స్పష్టంగా రాతపూర్వకంగా ఇవ్వాలి. కొత్త విమాన సంస్థలకి అనుమతి ఇచ్చేటప్పుడే, కనీసం మూడు నెలల జీతాలకి సరిపడా సొమ్ము బ్యాంకు గ్యారంటీగా పెట్టించాలి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం