పోయిన మాటకూ వైద్యం కావాలి
పక్షవాతానికి చికిత్స పొంది ఇల్లు చేరిన చెన్నై తెలుగువారికి కాళ్లకూ చేతులకూ వ్యాయామం ఎంతో కొంత దొరుకుతున్నా, పోయిన మాటను తిరిగి రప్పించే స్పీచ్ థెరపీ అందడం మాత్రం అరుదు. మా మామగారికి కుడిచెయ్యి పడిపోయి, మాట కూడా పోయింది. గ్లాసు చూపించి తమిళంలో 'తణ్ణీర్' (నీళ్లు) అనమంటే అయోమయంగా చూసే ఆయన, మా అత్తగారు 'మంచినీళ్లు' అంటూ అందిస్తే 'మం...' వరకు వస్తారు. ఆ అర మాటకే ఇంటిల్లిపాదికీ పండగ! చాలామందిలో మొదటి మూడు నెలల్లోనే కోలుకోవడం వేగంగా ఉంటుంది గనుక, ఆ గడువు ఆసుపత్రి వరుసల్లో కరిగిపోకుండా, 2021లో మొదలై మందులనూ ఫిజియోథెరపీనీ ఇంటికే తెస్తున్న తమిళనాడు ప్రభుత్వ 'మక్కళై తేడి మరుత్తువం' (ప్రజల చెంతకే వైద్యం) పథకంలో స్పీచ్ థెరపిస్టులకూ చోటిచ్చి, రోగి మాతృభాషలోనే సాధన చేయించే పద్ధతిని ఇంటివారికి నేర్పించాలి.
— ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై