మామా, ఆ లిస్టులో సగం కొట్టెయ్

నెల్లూరు,
ఆదివారం రాత్రి

రేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. హెడ్మాస్టర్ అయ్యాక నీ చేతిరాత ఇంకా పాడైంది గానీ విషయం అర్థమైందిలే. జనవరిలో ఎనిమిదో తరగతి పిల్లల్ని తీసుకుని ఒక్కరోజులో అమరావతి మ్యూజియం, ధ్యానబుద్ధ, ఉండవల్లి గుహలు, బెజవాడలో బాపు మ్యూజియం, వచ్చేటప్పుడు వీలైతే కోటప్పకొండ! పిల్లల్ని ట్రిప్పుకి తీసుకెళ్తున్నావా, ఎన్నికల ప్రచారానికి తిప్పుతున్నావా?

సగం కొట్టెయ్. నన్నడిగితే అమరావతి ఒక్కటే ఉంచు. మీ చీమకుర్తి నుంచి తెల్లారుజామున బయలుదేరినా టిఫిన్‌కి ఒకసారి, వాంతులకి రెండుసార్లు ఆగి, అక్కడికి చేరేసరికి పది దాటుద్ది. సాయంత్రం ఐదుకి మ్యూజియం మూసేస్తారు. మధ్యలో అన్నాలు తినాలి, అందర్నీ బాత్రూములకి పంపాలి, లెక్క చూసుకోవాలి. మిగిలిన టైములో ఒక్క చోటు చక్కగా చూస్తే అదే పెద్ద సంగతి. ఉండవల్లి ఎక్కడికీ పోదు. బాపు మ్యూజియం తొమ్మిదో తరగతికి దాచిపెట్టు. పింగళి వెంకయ్యగారు 1921లో గాంధీగారికి జెండా నమూనా చూపించింది బెజవాడలోనే కాబట్టి, స్వాతంత్ర్యోద్యమం పాఠం చెప్పేటప్పుడు పనికొస్తుంది.

ముందు తేదీ సంగతి. శుక్రవారం పెట్టుకోవద్దు. అమరావతి మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది, శుక్రవారం సెలవు. మా స్కూలు పిల్లలతో మేం వెళ్లే మద్రాసు ఎగ్మూరు మ్యూజియానికీ శుక్రవారమే సెలవు. జనవరి మంచిదే, అప్పటికి తుఫాన్ల భయం పోతుంది. పండగ మాత్రం దాటనివ్వు. పురావస్తు శాఖ వాళ్ల దగ్గర పదిహేనేళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు, నీ ఎనిమిదో తరగతి దాదాపు అంతా ఉచితమే. స్కూలు లెటర్‌హెడ్ మీద పేర్లు, పుట్టిన తేదీలు టైపు చేయించి పెట్టుకో, కౌంటర్ దగ్గర వాదనలుండవు. ఆ కాగితంతోపాటు ముందే ఒక ఉత్తరం రాయి: ఏ తరగతి, ఎంతమంది, ఎన్ని గంటలకి వస్తాం, పిల్లలకి చెప్పేవాళ్లెవరైనా దొరుకుతారా అని. చాలామంది అయ్యవార్లు ఈ ఉత్తరం రాయరు. రాసిన స్కూలుకి గేటు దగ్గర పలకరింపే వేరు.

ఇంకోటి, పిల్లల్ని తీసుకెళ్లకముందు నువ్వొకసారి వెళ్లిరా. ఒక్కడివే వెళ్లకు, సోషల్ టీచరమ్మని, డ్రాయింగ్ మాస్టారుని కూడా తీసుకెళ్లు. బస్సు ఎక్కడ ఆపాలో, ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్లొస్తున్నాయో లేదో, అన్నాలకి నీడెక్కడుందో చూసుకోండి. ఆ తర్వాత లోపలికెళ్లి నాలుగైదు వస్తువులు ఎంచుకోండి. నాలుగైదే!

ఎందుకంటున్నానంటే, ఎగ్మూరు ప్రాంగణం ఎంత పెద్దదో నీకు తెలుసుగా. 1851లో మొదలైన మ్యూజియం. ఒక భవనంలో తిమింగలం అస్థిపంజరం, ఇంకో భవనంలో కంచు నటరాజులు, మరోచోట మన అమరావతి బౌద్ధ స్తూపం నుంచి వెళ్లిన చెక్కడపు రాళ్లు. అన్నీ చూపిద్దామని ప్రతి స్కూలూ ఆశపడుతుంది. రెండు గంటలయ్యేసరికి పిల్లలు గోడకి ఆనుకుని, నీళ్ల సీసాలతో ఆడుకుంటుంటారు. వాళ్ల తప్పేముంది? మనం మాత్రం పట్టుచీరల కొట్లో ఎంతసేపు నిలబడతాం?

మేమిప్పుడు అమరావతి రాళ్ల గదికి తీసుకెళ్లి, నేరుగా నలగిరి ఏనుగు ముందు కూర్చోబెడతాం. గుండ్రటి పలక అది. దేవదత్తుడు రాజగృహం వీధుల్లో బుద్ధుడి మీదికి మదపుటేనుగుని వదిలిన కథ. కథ ముందు చెప్పం. "ఇందులో ఏనుగులెన్ని?" అని మాత్రం అడుగుతాం. రెండు, అంటారు అందరూ ఒకేసారి. "సరిగ్గా చూడండి, రెండు ఏనుగులా, ఒకే ఏనుగు రెండుసార్లా?" అంటాం. అప్పుడు మొదలవుద్ది అసలు గోల. ఒకవైపు జనాన్ని చెల్లాచెదురు చేస్తూ వస్తున్న ఏనుగు, రెండోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లిన ఏనుగు. పైన కిటికీల్లోంచి ఆడవాళ్లు చూస్తుంటారు. వాళ్లలో భయపడుతున్నదెవరు, తమాషా చూస్తున్నదెవరు అని పిల్లలు పోట్లాడుకుంటారు. అరగంట ఇట్టే గడిచిపోద్ది. దాదాపు పద్దెనిమిది వందల ఏళ్లనాటి శిల్పి ముందు నెల్లూరు పిల్లలు అరగంట కూర్చున్నారంటే నాకింకేం కావాలిరా.

ఆ తర్వాత ఎవడో ఒకడు తప్పకుండా అడుగుతాడు: "సార్, అమరావతి రాళ్లు మద్రాసులో ఎందుకున్నాయి?" నీ పిల్లలు దీన్నే తిరగేసి అడుగుతారు, "అమరావతిలో అమరావతి రాళ్లు ఇన్నేనా?" అని. దాటెయ్యకుండా చెప్పు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు అమరావతి ఊరు కట్టిస్తున్నప్పుడు అక్కడి స్తూపం దిబ్బ తవ్వి రాళ్లు, ఇటుకలు వాడుకున్నారు. ఆ కబురు విని ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ 1798 ప్రాంతంలో వచ్చి చూశాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి, వాటిలో చాలావరకు 1859లో లండన్‌కి పోయాయి. ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అప్పట్లో మనమంతా మద్రాసు ప్రెసిడెన్సీయే కదా. తిరిగి తెచ్చుకోవాలా వద్దా అని పిల్లల్నే వాదించుకోనివ్వు. మా క్లాసులో ఆ వాదన బస్సులో సూళ్లూరుపేట దాకా సాగింది.

అసలు నీకున్న అదృష్టం నాకు లేదు మామా. నీ పిల్లల్లో సగంమంది నాన్నలు గ్రానైటు క్వారీల్లో, పాలిషింగ్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లే. గెలాక్సీ గ్రానైటు రాయి చూస్తూ పెరిగిన పిల్లలు. అమరావతిది పలనాటి సున్నపురాయి, గ్రానైటుతో పోలిస్తే మెత్తన. అందుకే గోళ్లు, గాజులు, జడలో పూలు దాకా చెక్కగలిగారు. ఈ సంగతి నువ్వు చెప్పకు. ట్రిప్పుకి ముందు ఒక తండ్రిని స్కూలుకి పిలిచి, రెండు రకాల రాళ్లమీద ఉలి పెట్టి చూపించమను. ఆ తర్వాత మ్యూజియంలో నీ పిల్లలు చూసే చూపు మా పిల్లలకి రాదు. మ్యూజియం ఆవరణలో స్తూపం నమూనా ఉంటుంది. ముందు అది చూపించి, లోపలి పలకలు స్తూపంలో ఎక్కడ ఉండేవో ఊహించమను. అలంకరించిన ఎద్దు బొమ్మ ఒకటుంది, దాన్ని వదలొద్దు. పాత పలకల్లో బుద్ధుడి బదులు పాదాలు, చెట్టు, ఖాళీ ఆసనం ఉంటాయి. "ఇందులో బుద్ధుడెక్కడ?" అని అడిగి ఊరుకో. పక్కనే ఉన్న అసలు స్తూపం దిబ్బ మాత్రం చివర్లో చూపించు.

తెలుగు మీడియం పిల్లలకి ఒక కాగితం తప్పనిసరిగా ఇవ్వాలి. మాకు ఎగ్మూరులో పేర్ల చీటీలు తమిళం, ఇంగ్లీషు కాబట్టి మేమే తెలుగులో రాసుకెళ్తాం. ఖాళీలు పూరింపుము లాంటివి పెట్టకు, చీటీ మీదున్నది ఎక్కించుకుని వచ్చేస్తారు. "నీకు నచ్చిన ఒక్క బొమ్మని పది నిమిషాలు కూర్చుని గియ్యి" అని పెట్టు. బాగా గీయడం ముఖ్యం కాదు, గీస్తే కళ్లు నిలుస్తాయి. పదిమందికి ఒక టీచరు. రాళ్లని ముట్టుకోవద్దని ఊరికే అరవకుండా, చేతి చెమట, జిడ్డు రాయికి పట్టి నల్లబడుతుందని చెబితే వింటారు.

తిండికి పులిహోర కట్టించు, పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోద్ది. ఆర్టీసీ బస్సు అయితే ముందే మాట్లాడుకో. ఆడపిల్లల తల్లిదండ్రులు సంతకాలు పెట్టడానికి వెనకాడతారు. ఇద్దరు తల్లుల్ని కూడా రమ్మంటే ఆ చిక్కు సగం తీరిపోద్ది.

మీవాళ్లు కూడా "షార్ తీసుకెళ్లండి సార్, రాకెట్టు చూడాలి" అని శ్రీహరికోట రాకెట్ కేంద్రం గురించి మొదలుపెట్టారని రాశావు. మా దగ్గర అది రోజూ ఉండేదే. దానికి వేరే రోజు పెట్టుకో. ప్రయోగం గ్యాలరీలో కూర్చుని చూడాలంటే ఇస్రో వెబ్‌సైట్లో ముందే పేర్లు నమోదు చేసుకోవాలి, పైగా ప్రయోగం వాయిదా పడొచ్చు. బౌద్ధానికీ రాకెట్టుకీ ఒకే రోజు ముడిపెడితే రెంటికీ చెడతాం. మీ జిల్లాలోనే గుండ్లకమ్మ ఒడ్డున చందవరం స్తూపం ఉంది కదా, దొనకొండ వైపు. దూరం వెళ్లడానికి డబ్బులు కుదరకపోతే ముందు అదే చూపించు.

వచ్చాక ఏం చేస్తావో నువ్వు రాయలేదు. మేం స్కూల్లోనే ఒక గదిలో మ్యూజియం పెట్టించాం. ఇళ్లలోంచి సోల, తవ్వ, కవ్వం, తాతల తాటాకు పుస్తకం తెచ్చారు. గూడూరు వైపు నుంచి వచ్చే పిల్ల ఒకతి అభ్రకం రేకులు తెచ్చింది, వాళ్ల నాయనమ్మ గనిలో పనిచేసిందట. ప్రతి వస్తువుకీ పిల్లలే చీటీ రాయాలి: ఎవరిది, ఎక్కడ దొరికింది, దేనికి వాడేవాళ్లు. ఆ నాయనమ్మ కూడా చూడటానికొచ్చింది. చీటీలో తన పేరు తప్పు రాశారని మా చేతే దిద్దించి పోయింది.

తేదీ ఖాయం చేసుకుని చెప్పు. పండగ తర్వాత శనివారమైతే నేనూ ఒంగోలులో బస్సెక్కుతా. మా తెలుగు కాగితం నకలు దీంతో పెడుతున్నా, నీకు కావల్సినట్టు మార్చుకో. ఖర్చుల లెక్క కూడా పంపు, మనిషికి ఎంత పడుతుందో చూద్దాం. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ నెల్లూరోడు