ఈ ఏడాది మా షాపులో, మా ఇంట్లో

మా దగ్గర బట్టలు కుట్టించుకునే అందరికీ నమస్కారం.

ఈ ఏడాది మీలో చాలామందికి చెప్పిన రోజుకి బట్టలు అందలేదు. కొందరి గుడ్డ కొయ్యకుండానే తిరిగి ఇచ్చేశాం. కొన్ని వారాలైతే షట్టర్ ఎత్తనే లేదు. ఫోన్ చేసి అడిగినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పి పెట్టేశాం, అప్పుడు అంతకంటే మాట్లాడే ఓపిక ఎవరికీ లేదు. ఏళ్ళ తరబడి మమ్మల్ని నమ్మి వస్తున్న మీకు పూర్తి సంగతి తెలియాలి. పైగా షాపులో కొన్ని పద్ధతులు మారాయి. ఎందుకు మారాయో తెలిస్తే మీకూ సులువు, మాకూ సులువు.

ఏడాది మొదట్లో నాన్నకు పక్షవాతం వచ్చింది. కటింగ్ టేబుల్ దగ్గర నిలబడి ఉండగానే కుడి చేతిలోంచి కత్తెర జారింది, మూతి ఒక పక్కకి పోయింది, మాట ముద్దగా వచ్చింది. తమ్ముడు పక్కనే ఉండటం మా అదృష్టం. ఆస్పత్రిలో మమ్మల్ని మొదట అడిగింది, "ఆఖరుగా ఏ టైములో మామూలుగా ఉన్నారు?" అని. మెదడుకు వెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఒకటి ఉంది, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలట. ఇచ్చే ముందు స్కాన్ తీసి, అది గడ్డేనా, లేక రక్తనాళం చిట్లిందా అని తేల్చుకోవాలి. చిట్లిన రకమైతే అదే ఇంజెక్షన్ ప్రాణానికి ముప్పు. అందుకే ఇంట్లో తోచిన మాత్ర వేయకూడదు. సరిగ్గా మింగగలుగుతున్నారో లేదో చూసేదాకా నీళ్ళు కూడా తాగించకూడదు.

బట్టల షాపువాళ్ళు ఇదంతా ఎందుకు రాస్తున్నారని అనుకోవద్దు. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నట్టుండి కనిపించినా కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే అనుకోకండి. టైము గుర్తుపెట్టుకుని, స్కాన్ సౌకర్యం ఉన్న ఆస్పత్రికి వెంటనే తీసుకెళ్ళండి. మీ ఇంట్లో ఒక్కరికి ఇది పనికొచ్చినా నాకు చాలు.

నాన్నకు ఇంజెక్షన్ టైముకే పడింది. ప్రాణానికి ఢోకా లేదన్నారు. కుడి చెయ్యి, మాట మాత్రం బాగా దెబ్బతిన్నాయి. మెదడు ఎడమ భాగం కుడి పక్క శరీరాన్ని నడుపుతుంది, చాలామందిలో భాష కూడా అక్కడే ఉంటుంది. మేం చెప్పేది నాన్నకు అంతా అర్థమయ్యేది. తిరిగి చెప్పబోతే మాట దొరికేది కాదు. ఏం కావాలన్నా "అది, అది" అనేవారు. మాకు తెలియక ఒక్కొక్కటే చూపిస్తుంటే కళ్ళు మూసుకునేవారు. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి డాక్టరు, "టాన్" అనే ఒక్క ముక్క తప్ప ఇంకేమీ పలకలేని రోగి మెదడును అతను చనిపోయాక పరీక్షించి, ఎడమ వైపు ముందు భాగం దెబ్బతిన్నట్టు కనిపెట్టాడని మాట నేర్పే స్పీచ్ థెరపిస్ట్ చెప్పారు. అది విన్నాక నాకు కొంచెం టెన్షన్ తగ్గింది. ఇది మా నాన్న మొండితనమో, మతిమరుపో కాదని, దీనికి ఒక చోటు, ఒక కారణం ఉన్నాయని తెలిసింది.

ఆ థెరపిస్టే ఇంకో దారి చూపించారు. సొంతంగా వాక్యం అల్లలేనివాళ్ళకు కూడా చిన్నప్పటి నుంచి నోటికొచ్చినవి, అంటే అంకెలు, వారాల పేర్లు, పాటలు, చాలాసార్లు మిగిలే ఉంటాయట. నాన్న అంకెలు మొదలుపెట్టారు. 38 అని విడిగా అడిగితే రాదు. 30 నుంచి వరసగా చెప్పుకుంటూ పోతే 38 దగ్గర ఠక్కున ఆగి, వేలితో టేపు మీద కొడతారు. కొలతలు తప్ప ఇంకేం మాట్లాడలేని ఆ రోజుల్లో కూడా ఆయన కొలత ఒక్కటీ తప్పు పోలేదు. ఇప్పుడు షాపులో ఛాతీ, భుజం, నడుము కొలిచేది మళ్ళీ ఆయనే. అమ్మ రాసుకుంటుంది.

మధ్యలో చాలా చెడ్డ నెలలు గడిచాయి. వేసవిలో నాన్న వ్యాయామం మానేశారు. గోడ వైపు తిరిగి పడుకుని, ఎవరొచ్చినా ఇటు తిరిగేవారు కాదు. పక్షవాతం వచ్చినవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుందని, అది బాధ వల్లే కాకుండా మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కూడా రావచ్చని, దానికి విడిగా మందులు ఉన్నాయని డాక్టర్ చెప్పేదాకా మాకు తెలియదు. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది. ఆ వారాల్లో డబ్బు కూడా అయిపోయింది. ఇంటర్‌లాక్ మెషిన్ అమ్మేశాం. మాతో ఎన్నో ఏళ్ళు పనిచేసిన కుట్టుపని ఆయన వేరే చోటికి వెళ్ళిపోయారు. జీతం ఎప్పుడొస్తుందో తెలియకుండా ఆయన ఇల్లు మాత్రం ఎలా నడుస్తుంది? ఆయన మీద మాకు ఏ కోపమూ లేదు. ఇప్పటికీ కాజాలు ఎక్కువ పడితే వచ్చి చేసి పెడుతున్నారు.

అమ్మ గురించి చెప్పాలి. ఇన్నేళ్ళూ ఇంట్లో కూర్చుని హెమ్మింగ్, హుక్కులు కుట్టేది గానీ కౌంటర్‌లో ఎప్పుడూ కూర్చోలేదు. ఈ ఏడాది లెక్కలు నేర్చుకుంది, ఫోన్‌లో డబ్బులు తీసుకోవడం నేర్చుకుంది. నాన్నను థెరపీకి తీసుకెళ్ళాలని యాభై దాటాక స్కూటీ నేర్చుకుంది. కొలతల పుస్తకం చివరి పేజీల్లో రోజూ పొద్దునా సాయంత్రం నాన్న బీపీ రాస్తోంది. పక్షవాతానికి అన్నిటికంటే పెద్ద కారణం బీపీయే అని విన్నాక ఒక్క పూట కూడా వదల్లేదు. తమ్ముడు ఆస్పత్రి వరండాలో చదివి డిగ్రీ పాసయ్యాడు. మామూలు ఏడాదిలో అయితే ఇంటిల్లిపాదీ పండగ చేసుకునేవాళ్ళం. ఆ రోజు అందరం అలసిపోయి నిద్రపోయాం. అందుకే ఇక్కడ అందరి ముందూ రాస్తున్నాను, వాడు పాసయ్యాడు, మంచి మార్కులతో.

కత్తెర సంగతి మా అమ్మాయి వల్ల తేలింది. నాన్న ఎడమ చేత్తో గుడ్డ కోయబోతే గుడ్డ రెండు బ్లేడ్ల మధ్య మడతపడి నలిగేది. చేతిలో బలం లేదని అనుకున్నాం. మా అమ్మాయిది ఎడమ చేతి వాటం. అది చూసి, "తాతయ్యా, నీ కత్తెరతో నాకూ తెగదు" అని బడికి తీసుకెళ్ళే తన చిన్న కత్తెర తెచ్చిచ్చింది. మామూలు కత్తెర కుడి చేతికోసం చేసినది. ఎడమ చేత్తో పట్టుకుంటే వేళ్ళ ఒత్తిడి బ్లేడ్లను దగ్గరకు నొక్కకుండా విడదీస్తుంది, గీసిన గీత కూడా బ్లేడు చాటున పడుతుంది. ఎడమ చేతి కత్తెరలో బ్లేడ్లు తారుమారుగా ఉంటాయి. తమ్ముడు వెతికి పెద్ద సైజుది తెప్పించాడు. మొదట కాగితం, తర్వాత లైనింగ్ ముక్కలు, దసరాల నాటికి నాన్న మళ్ళీ చొక్కా కాలర్ కోశారు. ఎడమ చేత్తో అక్షరాలు దిద్దించింది కూడా మా అమ్మాయే. సాయంత్రం ఇద్దరూ ఒకే నోటు పుస్తకం ముందేసుకుని కూర్చుంటారు.

ఈ కష్టంలోంచే షాపులో ఒక కొత్త పని మొదలైంది. నాన్నకు మామూలు చొక్కా తొడగడం మాకు రోజూ ఒక యుద్ధం. బలం లేని చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు ఆ చెయ్యే చివర తీయాలి. చెయ్యి పట్టి గుంజితే, కండరాలు వదులైన భుజం కీలు జారిపోయే ప్రమాదం ఉంది. అందుకని చంక దగ్గర వెడల్పు పెంచి, చేతులు వదులుగా పెట్టి ఒక చొక్కా కుట్టాను. ముందు పట్టీ కింద వెల్క్రో వేసి, బొత్తాలు పైన అలంకారంగా కుట్టేశాను. బయటికి అచ్చం మామూలు చొక్కాలాగే కనిపిస్తుంది. నాన్న దాన్ని ఒక్క చేత్తో తనంతట తనే వేసుకున్న రోజు, నా ఇన్నేళ్ళ కుట్టుపనిలో నాకు అన్నిటికంటే ఎక్కువ గర్వంగా అనిపించింది.

అది చూసి మీలో కొందరు మీ అమ్మానాన్నల కోసం అడిగారు. ఇప్పుడు నడుముకు ఎలాస్టిక్ వేసిన ప్యాంట్లు, మంచం మీదే ఉండేవాళ్ళకు వెనక నుంచి తెరుచుకుని, రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి కప్పుకునే నైటీలు కూడా కుడుతున్నాం. ఎక్కువసేపు కూర్చుని, పడుకుని ఉండేవాళ్ళకు ఒంటి కింద మందమైన కుట్టు, జేబు, బొత్తం ఏదీ రాకుండా చూస్తాం. అక్కడ ఒత్తుకుని పుండ్లు పడతాయి. తీసుకున్నవాళ్ళకు ఒక మాట: ఉతికే ముందు వెల్క్రో అంటించేయండి, లేకపోతే దారాలు, పీచు పట్టి నాలుగు ఉతుకులకే పట్టు పోతుంది.

ఇక ముందు పని ఎలా ఉంటుందంటే, ఆర్డర్లు మునుపటికంటే తక్కువే తీసుకుంటాం. చెయ్యగలమని అనిపిస్తేనే తేదీ చెబుతాం, అర్జెంటు పనులు ప్రస్తుతానికి ఒప్పుకోలేం. మధ్యాహ్నం నాన్న వ్యాయామం, థెరపీ ఉంటాయి కాబట్టి అప్పుడు షాపు మూసి ఉంటుంది. ట్రయల్ కోసం సాయంత్రం రండి. కుట్టలేక వెనక్కి ఇచ్చేసిన ఆర్డర్లవాళ్ళు మళ్ళీ తెస్తే వాటిని ముందు కుడతాం. "మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే కుట్టండి" అని గుడ్డ మా దగ్గరే వదిలేసినవాళ్ళకు నేను ఏమిచ్చినా సరిపోదు.

నాన్న కొలతలు తీసేటప్పుడు మీరు కాస్త ఓపిక పట్టాలి. ఆయనకు చెవులు బాగానే వినిపిస్తాయి, గట్టిగా మాట్లాడక్కర్లేదు. ఒకసారికి ఒకే ప్రశ్న అడగండి. మాట కోసం వెతుక్కుంటుంటే మీరు అందించకండి, ఆగండి, వస్తుంది. ఆయన ఎదురుగానే ఉండగా "మీ నాన్నకు ఎలా ఉంది?" అని నన్ను అడగొద్దు, ఆయన్నే అడగండి.

పాత స్లిప్పు ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. స్లిప్పు పోయినా పరవాలేదు. అందరి గుడ్డలూ పేర్లు రాసి బీరువాలో విడివిడిగా ఉన్నాయి.