సంక్రాంతి తర్వాత మా దగ్గర ఏరియేటర్ షాఫ్టు చేయించుకున్న రైతులకు

నమస్కారం. సంక్రాంతి పండుగ దాటినప్పటి నుంచి మార్చి నెలాఖరు వరకు మా లేతు షాపులో ఏరియేటర్లకు, అంటే రొయ్యల చెరువు నీళ్లను చిలికి ఆక్సిజన్ ఎక్కించే మిషన్లకు, స్టెయిన్‌లెస్ షాఫ్టులు చేయించుకున్నవారు ఇది చివరిదాకా చదవాలి. వాటిలో కొన్నింటికి థ్రెడ్, అంటే నట్టు పట్టే మర చుట్లు, సరిగ్గా పడలేదు. బాధ్యత నాది. బయట ఈ సంగతి ఇప్పటికే నాలుగు రకాలుగా చెప్పుకుంటున్నారు కాబట్టి అయిదో రకం, అంటే జరిగింది, నేనే రాస్తున్నాను.

మొదట బయటపడింది వీరవాసరం వైపు ఒక చెరువులో. తెల్లవారుజామున మూడు గంటలకు, నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ, నట్టు షాఫ్టు మీద థ్రెడ్‌ను ఒలుచుకుని ఊడిపోయింది. పొద్దున నేను షట్టరు ఎత్తేసరికి ఆ రైతు షాఫ్టు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. "పక్కన ఇంకో ఏరియేటర్ ఉంది కాబట్టి రొయ్య బతికింది మేస్త్రి గారూ. లేకపోతే మీరు నన్ను నట్టేట ముంచేవారండీ" అన్నారు. గొంతు పెంచలేదు. నాలుగు తిట్లు తిట్టినా నాకు తేలికగా ఉండేది. ఆయన ఇచ్చిన నట్టు లోపల మా థ్రెడ్ తీగ స్ప్రింగులా చుట్టుకుని ఉంది.

ఇక టూలు సంగతి. థ్రెడ్ కోసే హైస్పీడ్ స్టీలు బిట్లు పదకొండేళ్లుగా విజయవాడలో ఒకే దుకాణం నుంచి తెప్పిస్తున్నాను. పేరు రాయను. జనవరిలో వచ్చిన ప్యాకెట్టు మీద కోబాల్ట్ కలిసిన రకమని ముద్ర ఉంది, ధర కూడా దానిదే తీసుకున్నారు. మొదటి బిట్టును 60 డిగ్రీల మొనకు సాన పడుతున్నప్పుడే రవ్వలు కాకరపువ్వొత్తిలా తెల్లగా, పూలు పూలుగా చిమ్మాయి. హైస్పీడ్ స్టీలు రవ్వ అలా ఉండదు. మసక ఎరుపుగా, పొట్టిగా రాలుతుంది. అది నాకు పదిహేనో ఏట నుంచి తెలుసు. చూశాను. తెలిసిన దుకాణం కదా అని ఊరుకున్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తప్పు ఆ అర నిమిషమే.

షాఫ్టు తిరిగి వచ్చాక ఆ దుకాణానికి ఫోను చేస్తే, "మీరు సాన మీద కాల్చేసి ఉంటారండీ" అన్నారు. ముప్పై రెండేళ్లుగా సాన పడుతున్నవాడితో! ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి కూడా వెళ్లలేదు. వాళ్ల ప్యాకెట్టులో వాడని బిట్టు ఒకటి, మా నాన్నగారి కాలం నాటి పాత ముక్క ఒకటి తీసుకుని, రెండింటి మొనలూ కావాలనే నీలం రంగు తిరిగేదాకా సాన మీద పట్టి కాల్చాను. చల్లారాక ఆకురాయితో గీశాను. నాన్నగారి ముక్క మీద ఆకురాయి గాజు మీద జారినట్టు జారింది. వీళ్ల దాని మీద కరకరమని పట్టుకుంది, పొడి రాలింది. హైస్పీడ్ స్టీలు నీలం తిరిగినా గట్టితనం వదలదు. వదిలేది మామూలు కార్బన్ స్టీలు. ఇదంతా వీడియో తీసి పంపాను. చూసినట్టు గుర్తు పడింది. జవాబు ఇప్పటికీ రాలేదు. డబ్బు సంగతి నేను అడగలేదు, ఇక అడగను కూడా.

స్టెయిన్‌లెస్‌కు ఒక దుర్గుణం ఉంది. టూలు కోయకుండా రుద్దితే, రుద్దిన చోట అది ఇంకా బిగుసుకుంటుంది. కోత వేడికి మెత్తబడిన మొన ఆ గట్టి పొరను కోయలేక చింపుతుంది. పైకి చూస్తే చుట్లు ఉన్నట్టే ఉంటాయి, నట్టు కూడా ఎక్కుతుంది. లోపల పట్టు ఉండదు. ఇనుప బోల్టులు చేయించుకున్నవారికి ఈ భయం లేదు, వాటికి వేరే బిట్లు వాడాం.

తర్వాత ఏం చేయాలన్న దాని మీద రెండు వారాలు నలిగాను. కార్బైడ్ ఇన్సర్టు టూలు కొనమని మా అబ్బాయి, కొనమని మా బావగారు. మంచి వస్తువే, కాదనను. కానీ మాది బెల్టు మీద నడిచే పాత లేతు. టూలును నడిపే లీడ్ స్క్రూ అంగుళానికి 4 చుట్లది. దాని మీద 20 మిల్లీమీటర్ల షాఫ్టుకు 2.5 మిల్లీమీటర్ల పిచ్ (చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం) కోయాలంటే, అంగుళాల లెక్కను మిల్లీమీటర్లలోకి మార్చే 127 పళ్ల గేరు వేసి, కోత మొదలయ్యాక లీడ్ స్క్రూను పట్టుకునే హాఫ్ నట్టు విప్పకుండా ప్రతిసారీ మోటారు తిరగేసి వెనక్కి రావాలి. ఆ వెనక్కి వచ్చేటప్పుడు టూలు బయటికి లాగడం ఒక్కసారి మరిచిపోతే గట్టిదే అయినా పెళుసైన కార్బైడ్ మొన పటుక్కున విరుగుతుంది. ఇది నిజమైన కారణం. రెండో కారణం, కొన్న వస్తువును మళ్లీ నమ్మబుద్ధి కాలేదు.

నాన్నగారు కాలువ తూముల తలుపులు ఎత్తే స్క్రూలకు చదరపు థ్రెడ్లు కోసేవారు. అరిగి పొట్టిదైన బిట్టును కూడా పారేసేవారు కాదు, హార్లిక్స్ సీసాలో వేసేవారు. లేతు మీద టూలు బిగించే టూల్‌పోస్టులో పట్టనంత చిన్న ముక్కలవి. వాటి కోసమే ఒక హోల్డరు చేశాను. ముందుకూ వెనక్కీ నడుస్తూ లోహాన్ని చెక్కే షేపర్ మిషనులో వెనక్కి వచ్చేటప్పుడు టూలు పైకి లేస్తుంది చూడండి, అదే పద్ధతి. పాత రైసుమిల్లు షాఫ్టు ముక్కతో దిమ్మె, అందులో గాడి, గాడిలో పిన్ను మీద కదిలే చిన్న చేయి, దాని కొసన బిట్టు. కోసేటప్పుడు జాబు, అంటే లేతులో తిరిగే షాఫ్టు, దాన్ని కిందికి అదిమి దిమ్మెకు ఆనిస్తుంది. మోటారు తిరగేస్తే జాబే దాన్ని పైకి లేపుతుంది. టూలు లాగే పనే లేదు.

మొదటిది పాడైంది. పిన్ను రంధ్రం మొన ఎత్తు కంటే 3 మిల్లీమీటర్లు పైన వేశాను. దాంతో చేయి లేచేటప్పుడు మొన ముందుకు వచ్చి జాబులోకి దిగబడింది. పిన్ను మొనకు సమానంగా గానీ, కాస్త కింద గానీ ఉండాలి. అప్పుడే లేస్తూ వెనక్కి తొలగుతుంది. రెండోది అలా చేశాను. చేయి పక్కకు వెంట్రుకవాసి కూడా ఊగకుండా పిన్ను బిగువు కుదర్చడానికే మూడు రోజులు పట్టింది. ఇప్పుడు దానితో కోసిన గాడిలో వేలిగోరు పెట్టి తిప్పితే ఎక్కడా తగలదు. "నాటు టూలు" అని ఎవరో నవ్వారట. వచ్చి చూసి నవ్వమనండి.

ఇక మీకు చెప్పాల్సినవి. ఆ రెండున్నర నెలల్లో చేసిన షాఫ్టులు 38. ఏది మంచిదో ఏది కాదో ఏరను, ఫిర్యాదు రాకపోయినా అన్నీ మారుస్తాను, డబ్బు తీసుకోను. చెరువులో పంట ఉన్నవారు ముందు ఫోను చేయండి, కొత్తది సిద్ధంగా ఉంచుతాను, పాతది విప్పిన గంటలో ఎక్కించుకోవచ్చు. ఇకపై ప్రతి థ్రెడ్‌నూ మీ ఎదుటే థ్రెడ్ కొలత సరిచూసే రింగు గేజితో చూపించి ఇస్తాను. రోజుకు నాలుగు కంటే ఎక్కువ చేయలేను, తొందరపెట్టవద్దు. ఆదివారాలు కూడా షట్టరు ఎత్తే ఉంటుంది. షాఫ్టుతో పాటు పాత నట్టు కూడా తీసుకురండి, దానిలోనూ థ్రెడ్ చూడాలి. నట్టు మరిచిపోయి వస్తే ఎంత పాత ఖాతాదారైనా ఇంటికి వెళ్లి తెచ్చుకోవలసిందే.