వృద్ధాశ్రమంలో ఫోన్ ఎందుకు మోగదు?

సంపాదకుల వారికి,

'అమెరికా పిల్లలు ఫోన్ కూడా చేయరు' అంటూ పోయిన ఆదివారం మీరు వేసిన కథనం గురించి ఈ ఉత్తరం. పిల్లల్ని తిట్టడానికి పెట్టుబడి అక్కర్లేదు. మరి చేసిన ఫోన్ పెద్దాయన దాకా చేరుతోందా అని ఆశ్రమం వాళ్లను ఎవరైనా అడిగారా?

నెలనెలా వేలకు వేలు కట్టించుకునే చోట్ల కూడా వైఫై ఆఫీసు గది దాటదు. రెండో అంతస్తులో వీడియో కాల్ చేస్తే బొమ్మ బిగుసుకుపోతుంది. అంతస్తుకో యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ అందించే పెట్టె) పెడితే తీరే పని! అమ్మాయి నంబరును అమెరికా కోడ్ +1 లేకుండా సేవ్ చేసి, వాట్సాప్‌లో తెలియని నంబర్లను సైలెంట్‌లో పెడితే ఇక మోగేదేముంది?

చెవి మిషన్‌ది ఇంకో గోల. చెవి వెనక పెట్టుకునే రకానికి మైకు పైభాగాన ఉంటుంది. ఫోన్‌ను మామూలుగా చెవికి నొక్కితే మాట సరిగా అందదు, పైగా కుయ్యిమని ఈల. అది భరించలేక ఆయా మిషన్ పీకేసి ఫోన్ చేతికిస్తుంది. ఫోన్‌ను కాస్త పైకి జరిపి, మైకు దగ్గర కొద్ది ఎడంగా పట్టుకోవాలి. కుదరకపోతే స్పీకర్ పెట్టాలి. ఈ ముక్క ఆయాలకు చెప్పేవాళ్లే లేరు.

నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారాలు గంట వెనక్కి పోతాయి. న్యూయార్క్‌లో పొద్దున 9కి చేస్తే ఇక్కడ సాయంత్రం 6.30కి వచ్చే కాల్ అప్పట్నుంచి 7.30కి వస్తుంది. ఆలోగా భోజనాలు, మాత్రలు, లైట్లు బంద్. 'సార్ పడుకున్నారమ్మా!' మార్చి రెండో ఆదివారం దాకా ఇదే జవాబు. ఈ మార్పు రాసి ఆఫీసు గోడకు ఒక కాగితం అంటిస్తే అరిగిపోతారా?

రీచార్జి గడువు దాటితే కొద్ది రోజులకు ఇన్‌కమింగూ ఆగుతుంది. డేటా లేని, కాల్స్, ఎస్సెమ్మెస్‌లకే పరిమితమైన ప్యాక్‌లు 365 రోజుల దాకా ఇవ్వొచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులోనే చెప్పింది. గదిలో వైఫై ఉంటే ఆ ప్యాక్ చాలు. కానీ దుకాణంవాడు డేటా ప్యాకే అంటగడతాడు.

ఇక అధికారులు. అక్టోబరు 1న వృద్ధుల దినోత్సవానికి అరటిపళ్లు, శాలువాలు, ఫొటోలు. పేద వృద్ధులకు జిల్లాకొకటి, కనీసం 150 మందికి సరిపడా ఆశ్రమం అని తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) 19వ సెక్షన్‌లో ఉంది. మన జిల్లాలో అదెక్కడుందో కలెక్టరేట్‌లో అడిగి చూడండి, సీటు సీటుకూ తిప్పుతారు. వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567 నంబరైనా ఆశ్రమాల గోడల మీద రాయించారా అంటే అదీ లేదు, గోడల నిండా దాతల పేర్లే. ఈసారి తనిఖీకి వెళ్లే అధికారి వంటగదిలో సాంబారు రుచి చూసి సంతకం పెట్టేయకుండా, రెండో అంతస్తు చివరి గదిలోంచి తన ఇంటికి ఒక్క వీడియో కాల్ చేయాలని మనవి.

– ఒక పాఠకుడు, హనుమకొండ