నడకదారిలో ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి?

సంపాదకుల వారికి,
నమస్కారం.

నగరంలో పొద్దున్నే నడకకూ సైకిల్ తొక్కడానికీ బయల్దేరేవారు పెరిగినకొద్దీ, ఈ ఇరువురూ ఒకే దారిని పంచుకోవలసిన చోట్ల చిన్నపాటి తాకిళ్లూ వాటికి మించిన మాటామాటా మామూలైపోయాయి. నెక్లెస్ రోడ్డులోనైనా, చెరువుగట్ల మీది బాటల్లోనైనా తగువు దాదాపు ఒకటే. ఎవరు ఏ పక్కన వెళ్లాలి, ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి అన్నది అక్కడ తేలలేదు. మన జనానికి మర్యాద తెలియదని విసుక్కోవడం తేలికే గానీ, అసలు లోపం ఈ తేలకపోవడంలోనే ఉందని నా అభిప్రాయం.

పక్క సంగతే తీసుకోండి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద, ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేలా కుడివైపున నడవాలని చిన్నప్పుడు నేర్చుకున్నాం; బండి ఏదైనా ఎడమవైపునే నడపాలనీ నేర్చుకున్నాం. మనుషులూ సైకిళ్లూ కలిసి సాగే ఇరుకు బాట మీద ఈ రెండు పాఠాలకూ పొసగదు. కొందరు కుడి అంచునా కొందరు ఎడమ అంచునా నడుస్తుంటే, వెనకనుంచి వచ్చే సైకిలుకు మిగిలేది నడిమి సందు ఒక్కటే. ఎదురుగా ఇంకో సైకిల్ వచ్చిందంటే అదీ మిగలదు. ఇటువంటి బాటల మీద నడిచేవారైనా తొక్కేవారైనా ఎడమవైపే సాగాలని, దాటేవారు కుడిపక్కనుంచే దాటాలని అధికారులు ఒకసారి ఖరారు చేస్తే సగం చిక్కు తీరుతుంది.

మిగతా సగం వేగానికి సంబంధించినది. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిల్ సెకనుకు దాదాపు 7 మీటర్లు సాగుతుంది. అంటే చెయ్యి బ్రేకును అందుకునేలోపే కొన్ని మీటర్లు గడిచిపోతాయి. సరిగ్గా వీపు వెనక బెల్లు మోగితే ముందున్న పెద్దాయన ఉలిక్కిపడి భుజం మీదుగా వెనక్కి చూస్తారు, చూసిన వైపే అడుగు పడుతుంది, తరచూ అది సైకిల్ వస్తున్న వైపే అవుతుంది. అప్పుడు "అంకుల్, సైడ్!" అని అరిచి లాభం లేదు. 15, 20 మీటర్ల దూరంలోనే ఒకసారి మోగించి, వేగం తగ్గించి, ఆయన విన్నారని తెలిశాకే దాటాలి. జట్టుగా వచ్చేవారిది మరో చిక్కు: మొదటివాడు బెల్లు కొట్టి వెళ్లిపోగానే దారి ఖాళీ అయిందనుకుని నడిచే మనిషి మళ్లీ మధ్యకు వస్తాడు, సరిగ్గా అప్పుడే రెండోవాడు మీదికొస్తాడు. వెనక ఇంకెందరున్నారో మొదటివాడే చెప్పి వెళ్లాలి.

నడిచేవారికీ బాధ్యత ఉంది. ముగ్గురు నలుగురు వరసకట్టి బాటంతా పరుచుకోవడం, రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం, కుక్కపిల్ల ఒక అంచున తాము ఇంకో అంచున ఉండి మసక వెలుతురులో కనబడని తాడును అడ్డంగా సాగదీయడం ఎదుటివారికే కాదు, తమకూ ముప్పే. బెల్లు కొడితే కసురుకున్నట్లు భావించి గుర్రుగా చూసేవారూ ఉన్నారు. మొహమాటం కొద్దీ బెల్లు కొట్టని సైకిలిస్టు వల్లే వారికి ఎక్కువ అపాయం.

అయితే అన్ని దారులకూ ఒకే కొలత పనికిరాదు. కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్నది నడకదారి. అక్కడ సైకిల్ దిగి నడిపించుకుపోవడమే సబబు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైనప్పుడు 23 కిలోమీటర్ల పొడవున్న సోలార్ కప్పు ట్రాక్ సైకిళ్ల కోసం కట్టినది. నాలుగున్నర మీటర్ల వెడల్పు ఉందికదా అని పిల్లలతో సహా చేతులు పట్టుకుని దాని మధ్యన షికారు చేయడం సరికాదు. ఇద్దరికీ సమానహక్కున్న బాటల మీద మాత్రం వేగంగా వెళ్లేవాడే నెమ్మదించాలి. పక్కచక్రాల సైకిల్ తొక్కే పసివాడు ఎటు తిరుగుతాడో వాడికే తెలియదు, ఎనభయ్యేళ్ల పెద్దావిడ గబుక్కున తప్పుకోలేరు. ఇక సైకిల్ ట్రాకుల్లోకి స్కూటర్లు ఎక్కించేవారి సంగతి: మోటారు వాహనాల నిబంధనలు దాన్ని ఎప్పుడో నిషేధించాయి, అమలు చేస్తే చాలు.

సంబంధిత శాఖలకు నా విన్నపం ఒకటే. గేటు దగ్గర ఇరవై సూచనలతో పెట్టే బోర్డును ఎవరూ ఆగి చదవరు. నేల మీదే ఎడమవైపు బాణం, నడక గుర్తు, సైకిల్ గుర్తు వేయించండి. ముందుగా మలుపుల దగ్గర, చెట్లు అడ్డుపడి ఎదుటివారు కనబడని చోట్ల, పార్కింగు నుంచి జనం బాటలోకి దిగే చోట వేయించండి. మామూలు రంగు ఒక్క వానాకాలానికే చెరిగిపోతుంది కనుక, రోడ్ల మీద జీబ్రా గీతలకు వాడే రంగునే వాడితే మంచిది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నార్సింగి, హైదరాబాద్.