రీకాల్ కబురు డ్రైవర్ చెవిన కూడా పడాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

లారీల్లోనో బస్సుల్లోనో స్టీరింగ్ లోపం బయటపడి కంపెనీ వాటిని వెనక్కి పిలిస్తే, అంటే రీకాల్ చేస్తే, పేపర్లో ఓ మూల నాలుగు లైన్ల వార్త వస్తుంది. ఫలానా మోడల్, ఇన్ని వేల బళ్లు, ఉచితంగా బాగుచేస్తాం అని ఉంటుంది. చదివినవాళ్లు ఇక ఆ పని అయిపోయినట్టే అనుకుంటారు. నేను 22 ఏళ్లు హెవీ బళ్లు నడిపి, ఇప్పుడు కొత్తవాళ్లకు డ్రైవింగ్ నేర్పుతున్నాను. ఆ నాలుగు లైన్ల తర్వాత ఏం జరుగుతుందో, ఏం జరగదో దగ్గరుండి చూశాను. రీకాల్ కాగితం బండి ఎవరి పేరున ఉంటే వాళ్లకు వెళ్తుంది. స్టీరింగ్ పట్టుకున్నవాడికి వెళ్లదు. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

నేను ఒక ప్రైవేటు సంస్థలో బస్సు నడిపే రోజుల్లో జరిగింది చెబుతాను. బండి కొని రెండేళ్లు కూడా కాలేదు. స్టీరింగ్ మధ్యలో కాస్త ఖాళీగా తిరిగేది. దాన్నే మేం ప్లే అంటాం. మలుపు తిరిగాక వదిలితే చక్రాలు తిన్నగా రావడానికి బద్ధకించేవి. లాగ్ షీట్‌లో మూడుసార్లు రాశాను. "కొత్త బండి కదా, నీ చేతికి ఇంకా అలవాటు కాలేదులే" అన్నారు. మామూలు సర్వీసింగ్‌కు తీసుకెళ్లినప్పుడు మెకానిక్ ఛాసిస్ నంబరు కంప్యూటర్లో కొట్టి చూసి, "ఇదేంటన్నా, దీనికి డ్రాగ్ లింక్ రీకాల్ ఉంది కదా, ఇన్నాళ్లూ ఎందుకు తేలేదు?" అని అడిగాడు. డ్రాగ్ లింక్ అంటే స్టీరింగ్ కదలికను ముందు చక్రాలకు చేర్చే కడ్డీ. నాకు ఆ మాట అర్థం కావడానికే కాసేపు పట్టింది.

నన్ను బండి కింద పని చేసే గొయ్యిలోకి, అంటే పిట్‌లోకి దింపి, తన హెల్పర్‌ను సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్‌ను కొంచెం కొంచెం అటూ ఇటూ ఊపమన్నాడు. స్టీరింగ్ గేర్ బాక్స్ నుంచి కిందికి దిగే చేయి లాంటి డ్రాప్ ఆర్మ్ కదులుతోంది. దానికి తగిలించిన డ్రాగ్ లింక్ చివర బాల్ జాయింట్ గిన్నెలో గోలీలా ఊగుతోంది. చక్రం మాత్రం కదలడం లేదు. జాయింట్ మీది రబ్బరు తొడుగు చిరిగిపోయి, గ్రీజు ఉండాల్సిన చోట బురద గట్టిపడి ఉంది. మెకానిక్ వేలితో ఆ బురద గీకి నాకు చూపించాడు. ఆ వేలి మీద మట్టిలో తుప్పు రంగు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. తర్వాత ఆఫీసులో వెతికితే కంపెనీ పంపిన కవరు దొరికింది. చింపి కూడా చూడలేదు. అందినట్టు దాని మీద వేసిన స్టాంపుకీ, నేను పిట్‌లో దిగిన రోజుకీ మధ్య నాలుగు నెలల పైనే ఉంది. ఆ నాలుగు నెలలూ రోజుకు రెండు ట్రిప్పులు తిప్పాను. ట్రిప్పుకు 40 మందికి తగ్గలేదు.

స్టీరింగ్ విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పెద్ద బండిలో బ్రేకుకు రెండు సర్క్యూట్లు ఉంటాయి. గాలి మొత్తం పోయినా స్ప్రింగ్ బ్రేకు పట్టుకుంటుంది. పవర్ స్టీరింగ్ పంపు ఆగిపోతే బండి మొండికేస్తుంది కానీ, బలమంతా పెట్టి తిప్పితే తిరుగుతుంది. అదే స్టీరింగ్ నుంచి కిందికి దిగే కడ్డీ, అంటే స్టీరింగ్ షాఫ్ట్ బోల్టు ఊడినా, డ్రాగ్ లింక్ జాయింట్ విడిపోయినా చేయగలిగింది ఏమీ లేదు. స్టీరింగ్ చేతిలో ఉత్తినే తిరుగుతుంది. ముందు చక్రాలు వాటి ఇష్టం వచ్చిన వైపు పోతాయి. పైగా అన్ని లోపాలూ నా బండికి వచ్చినట్టు ముందుగా ప్లే రూపంలో కబురు చెప్పవు. ఫ్యాక్టరీలో సరిగా బిగించని బోల్టు ఊడే క్షణం దాకా డ్రైవర్ చేతికి ఏమీ తెలియనివ్వకపోవచ్చు.

2016లో అమెరికాలో వోల్వో లారీల విషయంలో ఇలాంటిదే బయటపడింది. స్టీరింగ్ షాఫ్ట్ పైభాగాన్నీ కిందిభాగాన్నీ కలిపే బోల్టు సరిగా బిగించి ఉండకపోవచ్చని తేలి, దాదాపు 16 వేల లారీలను రీకాల్ చేశారు. అక్కడి అధికారులు ఉత్తరాలు పంపి ఊరుకోలేదు. ఆ లారీలను వెంటనే రోడ్డు మీంచి తీసేయమని యజమానులకూ డ్రైవర్లకూ కూడా చెప్పారు. బాగుచేయకుండా తిరుగుతున్న బండి తనిఖీలో దొరికితే అక్కడికక్కడే ఆపేయమని ఇన్‌స్పెక్టర్లకు ఆదేశాలిచ్చారు. చేయాలనుకుంటే ఎలా చేయొచ్చో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. ప్రతి స్టీరింగ్ రీకాల్‌కూ అలా ఎందుకు జరగదు?

జరగకపోవడానికి చట్టాల్లోనే దారులు ఉన్నాయి. అమెరికాలో రీకాల్ చట్టం 1966 నాటిది. చాలా దేశాల కంటే ముందే వచ్చింది. లోపం ఉందని తేల్చిన కంపెనీ 5 పనిదినాల్లో ప్రభుత్వానికి చెప్పాలి, యజమానులకు 60 రోజుల్లో ఉత్తరం పంపాలి. కానీ 2014 నుంచి బండి నంబరు కొట్టి రీకాల్ ఉందో లేదో ఎవరైనా నెట్‌లో చూసుకునే ఏర్పాటు తప్పనిసరి చేసినప్పుడు, ఆ నియమం పెట్టింది కార్ల వంటి తేలిక వాహనాలకూ మోటార్ సైకిళ్లకూ మాత్రమే. 2004లో అక్కడ ఇద్దరు అక్కాచెల్లెళ్లు అద్దెకు తీసుకున్న కారులో చనిపోయారు. పవర్ స్టీరింగ్ ఆయిల్ కారి మంటలు రేగే లోపం ఉందని ఆ మోడల్‌కు అప్పటికే రీకాల్ వచ్చినా, బాగుచేయకుండానే అద్దెకిచ్చారు. ఆ అమ్మాయిల తల్లి ఏళ్ల తరబడి పోరాడితే, బాగుచేయని బండిని అద్దెకివ్వకూడదనే చట్టం 2016లో అమల్లోకి వచ్చింది. దానికీ దాదాపు 4,500 కిలోల బరువు పరిమితి పెట్టారు. అంటే పెద్ద లారీలు, బస్సులు మళ్లీ బయటే. ఎక్కువ మంది ప్రాణాలు మోసే బండికే తక్కువ రక్షణ ఉండటం నాకు ఎంత ఆలోచించినా మింగుడుపడదు.

భారతదేశంలో మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ రీకాల్‌కు ఆదేశించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి దాని నియమాలు అమల్లో ఉన్నాయి. మంచిదే. కానీ అవి 7 ఏళ్ల లోపు బళ్లకే వర్తిస్తాయి. లారీ ఆ వయసుకు రెండో చేతికో మూడో చేతికో వెళ్లి ఉంటుంది. కంపెనీ దగ్గర ఉండేది మొదటి యజమాని చిరునామా. బస్సుల్లో ఇంకో చిక్కు ఉంది. ఛాసిస్ ఒకరిది, బాడీ కట్టేది మరొకరు. లోపం ఉన్నది ఛాసిస్‌లో అయితే బస్సు కొన్నవాడికి ఆ కంపెనీ నుంచి కబురు రావడమే ఆలస్యం కావచ్చు.

డ్రైవర్‌కు తెలియకపోతే జరిగే రెండో అన్యాయం గురించి కూడా చెప్పాలి. బండి పల్టీ కొట్టగానే మొదట వినిపించే మాట డ్రైవర్ నిర్లక్ష్యం. లేదంటే మెయింటెనెన్స్ సరిగా లేదు. జపాన్‌లోని యోకొహామాలో 2002 జనవరిలో ఒక మిత్సుబిషి లారీ చక్రం ఊడి వచ్చి, పిల్లలతో నడిచి వెళ్తున్న 29 ఏళ్ల తల్లిని పొట్టన పెట్టుకుంది. మెయింటెనెన్స్ లోపమేనని కంపెనీ రెండేళ్లు వాదించింది. 2004లో గానీ చక్రాన్ని బిగించే హబ్ డిజైన్‌లోనే తప్పుందని ఒప్పుకోలేదు. అది స్టీరింగ్ కాదు, నిజమే. కానీ ఆ రెండేళ్లూ నింద మోసింది ఆ బండి నడిపినవాళ్లూ, దాన్ని చూసుకున్నవాళ్లూ. లాగ్ షీట్‌లో నేను మూడుసార్లు రాసిన మాటను ఒక్కరు నమ్మినా ఆ కవరు తెరుచుకునేది.

యజమానుల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. బండి ఒక రోజు ఆగితే ఆ రోజు ఆదాయం పోతుంది, కిస్తీ ఆగదు. పార్టు రాలేదని సర్వీస్ సెంటర్ రెండుసార్లు తిప్పి పంపితే మూడోసారి ఎవరూ వెళ్లరు. అందుకే పార్టు సిద్ధంగా ఉంచే బాధ్యత, స్టీరింగ్ వంటి ప్రాణాంతక లోపానికి బండి ఆగిన రోజుల నష్టం భరించే బాధ్యత కంపెనీ మీదే పెట్టాలి. తప్పు చేసింది కంపెనీ అయినప్పుడు ఆ ఖర్చు యజమాని ఎందుకు భరించాలి? పార్టు దొరికాక కూడా తీసుకెళ్లని యజమానికి మాత్రం ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. జర్మనీలో ప్రమాదకరమైన రీకాల్‌ను పట్టించుకోని బండిని రోడ్డెక్కకుండా చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది.

డ్రైవర్‌కు కావలసింది ఇంతకంటే చిన్నది. 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఫోన్లో కొడితే, చదవగలిగే భాషలో, "ఈ బండికి స్టీరింగ్ రీకాల్ ఉంది, ఇంకా చేయించలేదు" అని కనిపించాలి. అలాంటి బండి ఎక్కనని చెప్పిన డ్రైవర్ ఉద్యోగం పోకుండా ఒక నియమం ఉండాలి. ఈ రెండోది లేకపోతే మొదటిది ఉన్నా టెన్షన్ పెరగడం తప్ప లాభం లేదు. తెలిసి కూడా బండి తీయాల్సి వస్తుంది.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. కంపెనీ ఉత్తరం ఆఫీసు బల్ల దగ్గర ఆగిపోతుంది. మీ పేపరు మాత్రం లారీ క్యాబిన్‌లోకి, బస్సు బోనెట్ మీదికి రోజూ వస్తుంది. లారీలు, బస్సుల రీకాల్ వచ్చినప్పుడు మోడల్ పేరుతో ఆగకుండా, ఏ నెల నుంచి ఏ నెల దాకా తయారైనవి, ఛాసిస్ నంబర్లు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, లోపం ఏ భాగంలో, బండి నడపొచ్చా లేక వెంటనే ఆపాలా అన్నది పెద్ద అక్షరాల్లో వేయండి. వారానికి ఒకసారి, ఎప్పుడూ ఒకే పేజీలో వేస్తే చాలు. నా దగ్గర నేర్చుకునే పిల్లల చేత ఆ పేజీ తెరిపించి, బయట ఉన్న బండి నంబరుతో సరిచూడటం నేను మొదటి పాఠంగా చెబుతాను.

ఇట్లు,
ఒక మాజీ బస్సు డ్రైవర్